37 సెకన్లు

2009 మార్చి 5. న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో ప్లాట్స్‌బర్గ్ అని ఒక ఊరు. ఒకప్పుడు అక్కడ అమెరికా వైమానిక దళం బాంబర్లు దిగేవి. 1995లో స్థావరం మూసేశారు. రన్‌వే మాత్రం మిగిలింది, మూడున్నర కిలోమీటర్ల పొడవున. ఆ రోజు దాని మీదికి వచ్చింది బాంబరు కాదు, రెక్కలున్న కారు. పేరు ట్రాన్సిషన్. ఎం.ఐ.టి.లో చదువుకున్న కొందరు కలిసి 2006లో పెట్టిన టెర్రాఫూజియా అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. రెక్కలు మడిస్తే ఇంటి గ్యారేజీలో పడుతుంది, విప్పితే ఎగురుతుంది. ఎగురుతుందని కాగితం మీద లెక్క. లోపల కూర్చున్నాయన ఫిల్ మెటీర్, వైమానిక దళంలో కల్నల్‌గా రిటైరయ్యారు. బండి పరుగెత్తింది, నేల విడిచింది, కాసేపు గాల్లో సాగి అదే రన్‌వే మీద ఇంకొంచెం ముందుకెళ్లి దిగింది. మొత్తం 37 సెకన్లు.

నా క్లాసుల్లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఒక గొంతు వస్తుంది: "అంతేనా సార్?"

అంతే. ఆ 37 సెకన్ల కోసం వాళ్లు ఆరు నెలలు ఆ బండిని నేల మీదే నిలబెట్టి, నడిపి, పరుగెత్తించి చూశారు. మూడున్నర కిలోమీటర్ల రన్‌వే ఎందుకో కూడా ఇప్పుడు ఊహించవచ్చు. లేచాక ఏ కాస్త తేడా అనిపించినా మలుపు తిప్పే పని లేకుండా ఎదురుగానే దిగిపోవచ్చు.

మొదలుపెట్టడానికి జంకేవాళ్ల గురించి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. జంకు లేనివాళ్ల గురించి తక్కువ. మనలో ఆరంభశూరులకు కొదవ లేదు. షాపు తెరిస్తే మొదటి రోజే ఊరంతా రావాలి, పుస్తకం రాస్తే మొదటిదే ఐదొందల పేజీలు ఉండాలి, నడక మొదలెడితే తొలి పొద్దునే ఐదు కిలోమీటర్లు కొట్టాలి. ఈ అధ్యాయం అలాంటివాళ్ల కోసం. అంటే చాలావరకు నా కోసం.

ముందు ఆ బండి కష్టమేమిటో చూద్దాం. కారుకూ విమానానికీ పొసగదు. కారు నేలను కరుచుకుని ఉండాలని, విమానం నేలను వదలాలని చూస్తాయి. చక్రాల సంగతే తీసుకోండి. కారుకు నాలుగు చక్రాలూ నాలుగు మూలల్లో ఉంటే నిలకడ. విమానానికి ప్రధాన చక్రాలు బరువు కేంద్రానికి, అదే గరిమనాభికి, కొంచెం వెనకే ఉండాలి. అప్పుడే తోక కాస్త కిందికి నొక్కితే ముక్కు పైకి లేస్తుంది. చక్రాలు బాగా వెనక్కి పోయాయా, తోక ఎంత నొక్కినా ముక్కు లేవదు. రోడ్డు కోసం ఒకటి మెరుగుపరిస్తే గాల్లో మరొకటి చెడుతుంది. రోడ్డు మీద గతుకులకు వదులైన బోల్టు పైకెళ్లాక ప్రాణం మీదికి తెస్తుంది. రెండు పడవల మీద కాళ్లంటారే, ఇక్కడ ఆ రెండు పడవలనూ కలిపి ఒకటి చేయాలి. ఉద్యోగం చేస్తూ పక్కన వ్యాపారం పెట్టినవాళ్లకు, చిన్నపిల్లల్ని పెంచుతూ గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇలాంటి బండిని సిద్ధం చేసేటప్పుడు తప్పనిసరి పని, చూడ్డానికి ఏమాత్రం గొప్పగా లేని పని, తూకం. ఒక్కో చక్రం కింద ఒక్కో కాటా పెడతారు. బండిని సమంగా నిలబెట్టి, ప్రతి కాటా చూపిన బరువును ఒక గుర్తు నుంచి ఆ చక్రానికున్న దూరంతో గుణిస్తారు. అన్నీ కూడి మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి ఎక్కడుందో తేలుతుంది. అది ఉండాల్సిన హద్దు కంటే వెనక్కి జరిగిందంటే లేచిన ముక్కు కిందికి దిగనని మొండికేస్తుంది. అందుకే గీసిన బొమ్మను నమ్మరు, కంప్యూటర్ చెప్పిన బరువునూ నమ్మరు. తయారైన బండినే తూస్తారు. పైలట్‌ను కూర్చోబెట్టి, పెట్రోలు పోసి, పారాచూట్ ఉంటే అదీ పెట్టి లెక్క కడతారు. వీటిలో ఏది మారినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మనం వేసుకునే లెక్కల్లో పైలట్ బరువు ఉండదు. కొత్తగా కోచింగ్ సెంటర్ పెట్టబోయే ఒకాయన నాకు ఎక్సెల్ షీట్ చూపించారు. అద్దె, అడ్వాన్సు, బెంచీలు, కరెంటు, ఫ్లెక్సీలు, అన్నీ ఉన్నాయి. నెలకు రెండుసార్లు ఆయన తండ్రిగారిని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, తనకేమో షుగరు, రాత్రి తొమ్మిది దాటితే గొంతు పోతుంది. ఇవేవీ షీట్‌లో లేవు. సాయంత్రం బ్యాచ్ మాత్రం ఎనిమిదిన్నర నుంచి పది వరకు! మీ లెక్క కూడా మిమ్మల్ని అందులో కూర్చోబెట్టి చూసుకోండి. అంత ఆరోగ్యం, అంత ఓపిక, అన్ని ఖాళీ గంటలు ఎవరికో ఉంటాయని కాదు, మీకెన్ని ఉన్నాయో.

తూకం తర్వాత పగ్గాలు. పైలట్ చేతిలోని కర్రను కుడికి వంచితే కుడి రెక్క చివరి పలక పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. ఆ పలకను ఐలరాన్ అంటారు. చిన్నపిల్లలైనా చూసి చెప్పగలిగే సంగతి. 1947 ఆగస్టు 23న, మనకు స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిది రోజులైన నాడు, ఇంగ్లండులోని వుడ్‌ఫర్డ్‌లో ఆవ్రో కంపెనీ ట్యూడర్ విమానం నమూనా ఒకటి లేచీ లేవగానే కూలిపోయింది. మరమ్మతులో ఐలరాన్ల తీగలు తారుమారుగా బిగించారు. పైలట్ ఎటు సరిచేయబోతే దానికి ఎదురు వైపుకు ఒరిగింది. పోయినవారిలో రాయ్ చాడ్విక్ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన లాంకాస్టర్ బాంబరును రూపొందించింది ఆయనే. అంతటి ఇంజనీరు తన సొంత కంపెనీ విమానంలోనే ప్రాణం పోగొట్టుకున్నది ఎడమకూ కుడికీ తేడా దగ్గర.

దీన్ని పట్టుకోవడానికి పైలట్లకు ఒక పద్ధతి ఉంది. నాకది చాలా నచ్చుతుంది. ఒకరు లోపల కూర్చుని కర్ర కదుపుతారు, ఇంకొకరు బయట నిలబడి చూస్తారు. బయటివాడు "బాగానే ఉంది" అనకూడదు. కంటికి కనిపించింది చెప్పాలి. "కుడిది పైకి, ఎడమది కిందికి." అంతవరకే. బాగుందో లేదో తేల్చుకోవలసింది లోపలివాడు. "బాగానే ఉంది" అనేది మర్యాద మాట, అది ఎవరి నోటి నుంచైనా వస్తుంది. మీరు రాసిన బయోడేటానో, చేయబోయే ఉపన్యాసమో, పెట్టబోయే షాపు బోర్డో ఎవరికైనా చూపించినప్పుడు "ఎలా ఉంది?" అని అడక్కండి. "ఇది చదివితే నేనేం చేస్తానని మీకు అర్థమైంది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు మీ బావమరిది మొహమాటపడతాడు. రెండో దానికి మొహమాటంతో జవాబు చెప్పడం కష్టం.

అదే 1947 నవంబరులో, అమెరికాలోని శాన్ డియేగోలో మరో ఎగిరే కారు కథ నడిచింది. కన్వెయిర్ కంపెనీ మోడల్ 118 అది. కారు నడవడానికి ఒక ఇంజను, కప్పు మీద బిగించిన రెక్కల భాగంలో ఎగరడానికి ఇంకొకటి, వేటి పెట్రోలు వాటికే. నవంబరు 18న గాల్లో పెట్రోలు అయిపోయి ఎక్కడో దించాల్సి వచ్చింది, కారు భాగం నుజ్జయింది. పైలట్ బతికాడు. ఎగిరే ముందు ఆయన చూసుకున్నది కారు పెట్రోలు మీటరు అని చెబుతారు. నవ్వు రావచ్చు. ఇంటి ఖాతాలో డబ్బుంది కదా అని వ్యాపారం చెక్కు రాసినవాడు నవ్వకూడదు. నేను నవ్వను.

ఇక పరుగులు. వీటిని ట్యాక్సీ పరీక్షలంటారు. మొదట మనిషి నడక వేగంతో బండి ఒక పక్కకు లాగుతోందా, బ్రేకులు పడుతున్నాయా అని చూస్తారు. ఆపి మూతలు విప్పి బోల్టులన్నీ తడిమి చూస్తారు. తర్వాత ఇంకొంచెం వేగం, మళ్లీ మూతలు విప్పడం. ఇలా పెంచుకుంటూ పోయి చివరికి ముక్కు చక్రం లేచేదాకా తీసుకెళ్లి, అక్కడ ఇంజను తగ్గించి దించేస్తారు. రోజుల తరబడి ఇదే. చూసేవాడికి విసుగు. కట్టినవాడికి అంతకన్నా విసుగు, ఎందుకంటే బండి ఎగరడానికి సిద్ధంగా ఉందని అతనికి ఎప్పుడో తెలుసు, కనీసం తెలుసని అనుకుంటాడు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ప్రమాదమంతా ఆ ముద్దులోనే ఉంది. ఎంత ఘోరంగా ఉంటుందో చెప్పే కథొకటి ఉంది, నింపాదిగా చెబుతాను.

1970ల మొదట్లో కాలిఫోర్నియాలో హెన్రీ స్మోలిన్‌స్కీ, హెరాల్డ్ బ్లేక్ అనే ఇద్దరు ఒక కంపెనీ పెట్టారు. వాళ్ల ఆలోచన తేలిగ్గా అర్థమవుతుంది. బజారులో దొరికే ఫోర్డ్ పింటో కారు తీసుకుని, సెస్నా స్కైమాస్టర్ విమానం రెక్కలూ, తోకా, వెనక ఇంజనూ దాని మీద తగిలించాలి. విమానాశ్రయంలో దిగాక ఆ భాగం అక్కడ వదిలేసి కారులో ఇంటికి పోవచ్చు. దానికి మైజార్ అని పేరు పెట్టారు. 1974లో అమ్మకానికి తేవాలన్నది అనుకున్న గడువు. 1973 ఆగస్టు 26న కామరిల్లోలో ఒక టెస్ట్ పైలట్ దాన్ని ఎగరేశాడు. లేచిన కాసేపటికే కుడి రెక్కకు ఆధారంగా ఉన్న కడ్డీ కారు ఒంటికి అతికిన చోట ఊడింది. ఆయన అనుభవజ్ఞుడు. ఆ స్థితిలో రెక్కను వంచి మలుపు తిప్పితే ఏమవుతుందో తెలుసు. తిప్పలేదు. ఎదురుగా కనిపించిన చిక్కుడు చేలో నేరుగా దించాడు. తర్వాత బండిని పక్కనున్న రోడ్డెక్కించి, కారులాగే నడుపుకుంటూ విమానాశ్రయానికి తీసుకొచ్చాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. దీన్ని రెండు రకాలుగా చదువుకోవచ్చు. "రెక్క ఊడబోయినా మన బండి క్షేమంగా దిగింది, పైగా రోడ్డు మీద నడిచి ఇంటికొచ్చింది, అనుకున్నది పనిచేసింది" అని ఒకటి. "రెక్క ఊడబోయింది" అని రెండోది. నాకు తెలిసి ఎప్పుడూ రెండోదే పొట్టిగా ఉంటుంది, అందుకే దాన్ని దాటేస్తాం. సెప్టెంబరు 11న, అంటే పదహారు రోజుల తర్వాత, బండి మళ్లీ సిద్ధమైంది. ఆ పైలట్ ఆ రోజు అందుబాటులో లేడు. స్మోలిన్‌స్కీ తనే ఎక్కాడు, పక్కన బ్లేక్. కుడి రెక్క కడ్డీ మళ్లీ ఊడింది. ఇద్దరూ చనిపోయారు. దర్యాప్తులో తేలిన కారణాల్లో సరిగా లేని వెల్డింగు ఒకటి.

పైలట్ రాలేదు కాబట్టి ఆ రోజుకు పని ఆపి ఉంటే? వాళ్లను తప్పుబట్టడం తేలిక. కానీ పైలట్ రాకపోతే ఎగరం అని ముందే ఎక్కడా రాసి పెట్టుకోకపోతే, ఆ పూట రన్‌వే పక్కన నిలబడి ఆ నిర్ణయం తీసుకోవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. డబ్బు పెట్టినవాళ్లు ఎదురుచూస్తున్నారు, గడువు తరుముకొస్తోంది, ఎండ బాగుంది, బండి మెరుస్తోంది. వద్దని చెప్పే శక్తి అక్కడ పుట్టదు. ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చుని, చల్లగా, కాగితం మీద రాసుకున్నదే అక్కడ పనికొస్తుంది. టెస్ట్ పైలట్లు తొడకు కట్టుకునే అట్ట మీద ఇవన్నీ అంకెలతో సహా ఉంటాయి. పక్కగాలి ఇంత దాటితే ఎగరం. ఇంజను వేడి ఈ గీత దాటితే దిగుతాం. రన్‌వేలో సగం దాటేలోపు చక్రాలు లేవకపోతే ఆపేస్తాం. తొలి ప్రయాణానికి పొద్దున్నే బయల్దేరేదీ ఇందుకే. ఎండ ఎక్కితే నేల వేడెక్కి గాలి కుదుపులు మొదలవుతాయి.

కట్టినవాడు ఎక్కకూడదని నేను సూత్రం చెప్పను. స్లొవేకియాలో స్టెఫాన్ క్లైన్ తన ఎగిరే కార్లను తనే నడుపుతాడు. 2015 మేలో ఆయన బండి గాల్లో అదుపు తప్పింది. మొత్తం బండినే కిందికి దించే పారాచూట్ అందులో అప్పటికే ఉంది. అది తెరుచుకుని ఆయన బతికాడు. తర్వాత వేరే బండి కట్టి, 2020లో ఎగరేసి, 70 గంటల పరీక్షా ప్రయాణాల తర్వాత 2022 జనవరిలో అక్కడి రవాణా శాఖ ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. తనూ పొరపడొచ్చని ముందే ఒప్పుకున్నాడు కాబట్టే ఆ పారాచూట్ అక్కడుంది. బరువు పెరుగుతుందని తెలిసినా ఉంది.

మన దగ్గర గడువు పని ముహూర్తం చేస్తుంది. ముహూర్తాన్ని నేను తప్పుబట్టను, మా ఇంట్లో ప్రతిదీ దాని ప్రకారమే. కానీ "ముహూర్తం మించిపోతోంది" అన్న మాట వినబడ్డాక ఎవరికీ చేతులు ఆగవు. నా స్నేహితుడొకడు ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ పెట్టాడు. శ్రావణ శుక్రవారం, పది ఇరవైకి షట్టరు తెరిచాడు. ఇరవై రెండు రకాల కూరలు. కాలనీ మొత్తానికి పాంప్లెట్లు పంచాడు. తూకం మిషను ఇంకా రాలేదు, గరిటె లెక్కన పోశారు. పొట్లాలు కట్టే కుర్రాడు ముందు రోజే ఊరెళ్లిపోయాడు. రబ్బరు బ్యాండు వేసిన సాంబారు కవర్లు స్కూటర్ల మీదే కారిపోయాయి. పన్నెండున్నరకు పది కూరలు అయిపోయాయి, మిగతా పన్నెండు రాత్రికి పారేశారు. ఆ రోజు వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. ఇంకొక సంగతి చెప్పాలి. ఆ ఇరవై రెండు కూరల జాబితా రాసిచ్చినవాణ్ణి నేనే.

ఆ ముహూర్తానికి షట్టరు తెరిచి, పాలు పొంగించి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ దించేసి ఉంటే ఏ దేవుడూ అభ్యంతరం చెప్పేవాడు కాదు. జనాన్ని పిలిచే రోజు ఇంకొకటి పెట్టుకోవచ్చు. విమానాలు కట్టేవాళ్లూ తొలి రోజును ఇలాగే చిన్నగా ఉంచుకున్నారు. 1969 మార్చి 2న కాంకార్డ్ తొలిసారి ఎగిరింది. లోకమంతా చూస్తున్నా వాతావరణం బాగోక ముందు అనుకున్న రోజు వాయిదా వేశారు. ఎగిరిన రోజున కూడా చక్రాలు లోపలికి ముడవకుండా అలాగే తిరిగి, అరగంట లోపే దించేశారు. ధ్వనిని మించిన వేగం కోసం కట్టిన విమానం అది! మన తేజస్ నమూనా 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి లేచినప్పుడు గాల్లో ఉన్నది 18 నిమిషాలు.

మీ పని ఏదైనా సరే, ఈ రాత్రి ఒక పోస్టుకార్డంత అట్ట తీసుకోండి. అంతకన్నా పెద్దది వద్దు. రేపటి తొలి ప్రయత్నంలో తెలుసుకోవలసింది ఒకే ఒక్క ప్రశ్నగా పైన రాయండి. "సక్సెస్ అవుతుందా" అన్నది ప్రశ్న కాదు. "గంటలో ఎంతమందికి అందించగలను" అన్నది ప్రశ్న. దాని కింద ఏం జరిగితే ఆపేస్తారో రెండు మూడు రాయండి, అంకెలతో. పక్కన ఇంకొకరి సంతకం పెట్టించండి. మీ ఉత్సాహాన్ని పంచుకునేవాళ్లది కాదు, మీరు కాస్త భయపడేవాళ్లది. మా ఇంట్లో ఆ సంతకం మా ఆవిడది. దిగాక టీ తాగే ముందే, ఎవరితోనూ మాట్లాడకుండా, వెనక వైపు చూసింది చూసినట్టు రాసేయండి. టీ తర్వాత రాస్తే అది కథ అవుతుంది.

ప్లాట్స్‌బర్గ్‌లో ఆ తొలి బండితో మొత్తం 28 సార్లు లేచి దిగారు. తర్వాత దాన్ని పక్కనపెట్టి కొత్తది కట్టారు. మొదటిదానికి ముక్కు దగ్గరున్న చిన్న రెక్క రెండోదానికి లేదు. 2012 మార్చి 23న ఆ రెండోది అదే రన్‌వే నుంచి 1,400 అడుగుల ఎత్తుకు వెళ్లి ఎనిమిది నిమిషాలు తిరిగింది. తర్వాత కంపెనీని చైనావాళ్లు కొన్నారు, ట్రాన్సిషన్ కార్ల షోరూములు మాత్రం ఎక్కడా వెలియలేదు. ఇది విజయగాథ కాదు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను.

నా స్నేహితుడు ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి తన అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, బల్ల వేసుకుని. మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు. ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసి, అయిపోయాయి, మూసేశానన్నాడు. సాయంత్రం వెళ్తే అట్ట చూపించాడు. వెనక వైపు పెన్సిలుతో ఇలా ఉంది: "19 మంది. గంటా పది నిమిషాలు. ముగ్గురు పెరుగు అడిగారు, లేదు. చిల్లర చాలలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని రెండో అంతస్తు మామ్మగారు. రేపు కవర్లకు సీలింగ్ మిషను."